మూరెడు ముందు పడే రాయి

పావగడ తాలూకాలో రాయి విసరడంలో నన్ను మించినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇకమీదట పుట్టడు కూడా. ఇప్పటి పిల్లలకు రాయి అంటే క్రషర్లో తయారై లారీలో వచ్చే సామాను. నేను విసిరిన రాయి గొర్రె ముక్కుకు సరిగ్గా మూరెడు ముందు పడుతుంది. మూరెడంటే మూరెడే. బెత్తెడు ఎక్కువ కాదు, బెత్తెడు తక్కువ కాదు. అరవై ఏళ్ళ కాపలాలో నా చేతి రాయి ఒక్క ప్రాణి ఒంటిని తాకలేదు. రాయి గాల్లోకి వదిలి, అది కింద పడేలోపు బీడీ ముట్టించుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ బీడీ సంగతి కొంచెం ఎక్కువైంది, తీసేయండి. మిగిలింది ప్రస్తుతానికి ఉంచండి.

గొర్రెలు కాయనివాళ్ళకు ఈ మూరెడు విలువ తెలియదు. మంద మేస్తూ పోతూ ఉంటుంది. ముందు నడిచే గొర్రె ఒకటి ఉన్నట్టుండి ఎవరిదో శెనక్కాయ చేను వైపు మళ్ళుతుంది. దాని వెనక మందంతా మళ్ళుతుంది. పరుగెత్తి అడ్డం పోదామంటే మనకున్నవి రెండు కాళ్ళు, దానికి నాలుగు. అందుకని వంగుతాం, రాయి తీస్తాం, విసురుతాం. రాయి దాని ముందు టప్పున పడుతుంది, అది బెదిరి వెనక్కి తిరుగుతుంది. ఒంటికి తగిలిందంటే కాలు విరుగుతుంది, చూలుదైతే కడుపు పోతుంది. అందుకే రాయి మాకు ఆయుధం కాదు, మాట. వంగడం, తీయడం, విసరడం, ఈ మూడింటి మధ్య ఆలోచన అనేది ఉండదు. ఆలోచిస్తూ కూర్చుంటే మంద చేన్లో ఉంటుంది.

ఈ విద్య నాకు మా నాయన నేర్పాడు. ఆయన సంగతి తర్వాత.

ఇప్పుడు మా ఊరి చుట్టూ మంద తిరగడానికి చేలు తక్కువ, సోలారు ఎక్కువ. మా మూడెకరాలూ పక్కవాళ్ళ చేలతో కలిసి ప్యానెళ్ళ కిందికి పోయాయి. గుండ్ల మీదికెక్కి చూస్తే, నీళ్ళు లేని మా తాలూకాలో కనుచూపు మేర నీలం చెరువు. మొదటి ఏడాది కొంగలు గుంపులు గుంపులుగా వచ్చి ఆ చెరువులో దిగి కాళ్ళు కాల్చుకుని పోయాయి. గుంపులు కాదు, ఒక్క కొంగ. దాని కాళ్ళు కాలాయో లేదో నేను అడగలేదు.

ప్యానెళ్ళు కడిగిన నీళ్ళు కారి, వాటి నీడన గడ్డి మోకాలెత్తు లేస్తుంది. దాన్ని కోయించలేక విసిగిపోయిన సూపర్‌వైజరు ఒకడు, ఎక్కడో బడగణ దిక్కు, ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాడు, ఒకరోజు నన్ను గేటు దగ్గరికి పిలిచాడు. "తాతా, నీ గొర్రెల్ని లోపలికి తోలుకో. గొర్రెలు రావచ్చు, రాళ్ళు రాకూడదు. ఒక్క గ్లాసు పగిలినా నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. గొర్రెలోణ్ణి రాయి లేకుండా రమ్మనడమంటే, పంచాయితీకి పిలిచి నోరు మూసుకొమ్మనడమే. అయినా సరేనన్నాను. రెండేళ్ళు మేపాను. అన్ని ప్యానెళ్ళ మధ్య రెండేళ్ళపాటు నా చేతి నుంచి ఒక్క రాయి లేవలేదు.

ఒక్కటి లేచింది.

పోయిన ఎండాకాలంలో ఒకనాటి సాయంత్రం. నా మనవరాలు నాతోనే ఉంది. నాలుగేళ్ళది. అంగనవాడి వదిలాక వాళ్ళమ్మ పని నుంచి వచ్చేవరకు దాన్ని చూసుకోవడం నా డ్యూటీ. ఒక గొర్రె కంచె వైపు మళ్ళింది. నా చేతికి రెండేళ్ళ ఒప్పందం గుర్తుకు రాలేదు. రాయి గొర్రెకు మూరెడు ముందు పడి, ఎగిరి, ఒక ప్యానెలు కొసకు తగిలింది. అద్దం మీద సాలెగూడు పడింది. ఆ హడావిడిలో పాప పరుగెత్తబోయి కింద పడి మోచెయ్యి గీరుకుంది.

సూపర్‌వైజరు వచ్చి ప్యానెలు చూశాడు. నన్ను చూశాడు.

"ఇదెవరు చేశారు తాతా?"

"కోతి, సార్."

"ఇక్కడ కోతులెక్కడివి?"

"నేనూ అదే అనుకుంటాండా సార్."

ఆయన ఉద్యోగం పోలేదు. నేను గేటు లోపలికి పోవడం పోయింది. అది పెద్ద నష్టం కాదు. గొర్రెలకు నోరుంది, ఊరుంది, ఎక్కడో ఒకచోట మేస్తాయి. అసలు నష్టం ఇంట్లో జరిగింది.

మా కూతురు సోలారు ఆఫీసులో రాతపని చేస్తుంది. అల్లుడు బెంగళూరులో లారీ తోలుతాడు, ఆదివారాలు వస్తాడు. ఆ సాయంత్రం కూతురు వచ్చి పాప మోచేతికి పసుపు పెట్టి గుడ్డ కట్టింది. ముడి వేస్తూ అడిగింది.

"మోచేయి ఏంది నాయినా?"

"కింద పడింది మ్మే."

"ప్యానెలు?"

"కోతి."

అది నా వైపు ఎంతసేపు చూసిందో చెప్పలేను. చెబితే మళ్ళీ ఎక్కువ చేశానంటారు. మర్నాటి నుంచి మధ్యాహ్నం అంగనవాడికి వచ్చి, పాపను తనతోపాటు ఆఫీసుకు తీసుకుపోవడం మొదలుపెట్టింది. అక్కడ పిల్ల టేబులు కింద కూర్చుని కాగితాలు చింపుతుంది. పెద్దసారు అప్పటికే రెండుసార్లు మూతి ముడిచాడట. మూడోసారి ముడిస్తే దాని పని ఉండదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"పెద్దసారు మూతి నాకెందుకు, పాపను నాకాడ ఇడ్సు. నాకేం పనుండాది?" అన్నాను.

"సూడు నాయినా," అంది. మా కూతురు కోపంగా ఉన్నప్పుడు గొంతు పెంచదు, తగ్గిస్తుంది. "ఆసుపత్రిలో మనసుకు మందిచ్చే డాక్టరమ్మ వస్తాందంట, వారానికొకసారి. పావగడకు పోయి సూపిచ్చుకో. ఇంగొకటి. ఆ పొద్దు ఏం జరిగిందో నాకు కోతుల్లేకుండా చెప్పు. ఈ రెండూ అయిన పొద్దు పాపను నీకాడ ఇడిసిపెడతా. అంతవరకు లేదు."

"నాకేం రోగం మ్మే? గుండ్రాయి మాదిరి ఉండా."

"అందుకే పొమ్మంటాండా" అన్నది మా ఇంటామె, పొయ్యి దగ్గర నుంచి.

సరే, నా రోగాలు. గిన్నె కింద పడితే గుండె గొంతులోకి వస్తుంది. ఎవరైనా వెనక నుంచి భుజం తట్టితే ముందు తిట్టి, తర్వాత మనిషిని చూస్తాను. నిద్ర నాకు చుట్టం, పండగకో పబ్బానికో వస్తుంది. ఒక పని చేస్తుంటే ఇంకో పని మీదికి మనసు దూకుతుంది, మొదటిదాని మీదికి మళ్ళీ రాదు. ఒకప్పుడు, నాకు నలభై దాటాక, మా నాయన పోయిన ఏడాదంతా నేను మంచం దిగలేదు. ఏడాది కాదు, మూడు నెలలు. గాలి సోకిందని మూడు తాయెత్తులు కట్టారు. మూడూ నాతోపాటే మంచం మీద పడుకున్నాయి.

ఇవన్నీ రోగాలని నాకు తెలియదు. నా గుణాలు అనుకున్నాను.

బస్సులో పావగడకు పోయాం, నేనూ మా ఇంటామె. పావగడ కొండ కనబడగానే తిరిగి పోదామా అనిపించింది. మా ఇంటామె నా పంచె కొస తన కాలి కింద పెట్టుకుని కూర్చుంది, అనుభవం ఉన్న మనిషి. డాక్టరమ్మ మా కూతురి కంటే చిన్నది. తుమకూరు దిక్కు పిల్ల, మాది కర్ణాటక కదా, కన్నడంలోనే మాట్లాడింది. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ముందు ఒక ఆట ఆడించింది. ఆమె టేబులు మీద ఒకసారి తడితే నేనూ ఒకసారి తట్టాలి. ఆమె రెండుసార్లు తడితే నేను ఊరకుండాలి. ఇంతే. "దీనికి డాక్టరు చదువు చదివినావా తల్లీ?" అన్నాను. ఆడాం. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఆమె కుర్చీలోంచి లేచి నాకు దండం పెట్టింది.

ఆమె లేవలేదు. దండమూ పెట్టలేదు. ఒకసారి తట్టినా తట్టాను, రెండుసార్లు తట్టినా తట్టాను. ఊరకుండాలని తెలుసు. తెలిసేలోపు చెయ్యి టేబులు మీద ఉండేది. చివరికి చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు కాలు తట్టింది. మా ఇంటామె నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా కొట్టేవారా తాతా?" అని అడిగింది.

ఇది నాకిష్టమైన సబ్జెక్టు. మా నాయన మీద నా దగ్గర ఉన్నన్ని కథలు ఊళ్ళో ఎవరి దగ్గరా లేవు. మొదలుపెట్టాను. ఆయన నా మీద విసిరిన రాయి ఒకటి, నేను ఇంటి మూల తిరిగితే తానూ మూల తిరిగి వచ్చి తగిలింది. తాడు, చెప్పు, చీపురు, తడి కంబళి కొస, ఒకసారి పాల చెంబు. నా వీపు మీద పడ్డ సామాన్లతో ఒక కొత్త సంసారం పెట్టుకోవచ్చు. గొర్రెల విషయంలో మాత్రం ఆయన దేవుడు. ఒక్క గొర్రెను కొట్టి ఎరగడు. గొర్రెకు మూరెడు ముందు పడే రాయి, నా దగ్గరికి వచ్చేసరికి ఆ మూరెడు మరిచిపోయేది.

ఈ మాటకు ఎవరైనా నవ్వుతారు. అరవై ఏళ్ళుగా నవ్వుతున్నారు. ఆమె నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకుంది. నాకు కొంచెం పౌరుషం వచ్చింది. అన్నిటికన్నా మంచి కథ బయటికి తీశాను.

నాకు అప్పుడు ఏడేళ్ళు. రేగుపళ్ళ మీద ధ్యాసలో ఉండగా తోడేలు వచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. సాయంత్రం మా నాయన నన్ను దొడ్డి గుంజకు కట్టేసి తాడు తీశాడు.

"ఒగ తోడేలు వచ్చింది నాయినా" అన్నాను. దెబ్బ పడింది.

"ఒగటి గాదు నాయినా, రెండు" అన్నాను. దెబ్బ పడింది, కొంచెం మెల్లగా.

"మూడు నాయినా. మూడోదానికి తెల్ల మీసాలు ఉండాయి" అన్నాను.

తాడు గాల్లో ఆగింది. "తోడేలుకు మీసాలేందిరా?" అని మా నాయన విరగబడి నవ్వాడు. నవ్వి కట్లు విప్పాడు.

ఒక తోడేలు చెబితే దెబ్బలు, మూడు చెబితే నవ్వు. ఏడేళ్ళవాడికి ఇంతకంటే చదువేం కావాలి? ఆనాటి నుంచి నేను ఏ సంగతీ ఒక్క తోడేలుతో చెప్పలేదు.

"మరి ఆ కథలో నువ్వు ఎక్కడున్నావు తాతా?" అంది డాక్టరమ్మ.

"గుంజ కాడ."

"అది కాదు. భయపడ్డావా?"

"నేనా?" అన్నాను. మా ఇంటామె కొంగు నోట్లోంచి తీసేసింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. చిన్నప్పుడు దెబ్బ ఎప్పుడు పడుతుందోనని రోజంతా కాపలా కాసిన మనసుకు, ఆగి ఆలోచించడం నేర్చుకునే తీరిక ఉండదట. పెద్దయ్యాక కొట్టేవాడు పోతాడు, కాపలా పోదు. కొందరు త్వరగా మండిపోతారు, కొందరు మంచం దిగరు, కొందరికి నిద్రపట్టదు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు, అయినవాళ్ళది తప్పూ కాదు అంది.

"మా నాయన పోయి ముప్పై ఏళ్ళయింది మేడమ్. ఇంగ కాపలా ఏంది?"

"అదే నేనూ అడుగుతున్నాను" అంది.

మాత్రలు రాసిచ్చింది. ఒక పని కూడా చెప్పింది. రోజూ ఒక రాయి చేతిలోకి తీసుకోవాలి. పది లెక్కపెట్టాలి. తర్వాత వంగి, తీసిన చోటనే పెట్టాలి. విసరకూడదు, జారవిడవకూడదు. పెట్టాలి.

బస్టాండులో శెనక్కాయలు తింటూ కూర్చున్నప్పుడు ఒక సంగతి గుర్తుకొచ్చింది. మా నాయన నవ్వి కట్లు విప్పాడని చెప్పాను, చూశారా. నవ్వింది నిజం. విప్పలేదు. నవ్వుకుంటూ లోపలికి పోయి సంగటి తిన్నాడు. విప్పింది మా అమ్మ, ఆయన తిన్నాక. ఇన్నేళ్ళు అందరికీ చెప్పి చెప్పి, విప్పాడని నేనే నమ్మేశాను. మా ఇంటామెకు చెప్పాను. ఆమె నా చేతిలో ఇంకో గుప్పెడు శెనక్కాయలు పోసి "తిను" అంది.

ఇక మా ఇంట్లో ఒక విచిత్రం ఉంది, అది చెప్పాలి. నేను కిందికి వంగితే ఇల్లు ఖాళీ అవుతుంది. చెప్పు కోసం వంగినా, జారిన తువ్వాలు కోసం వంగినా అంతే. వీధికుక్కలు పరుగెత్తుతాయి, అది లోకమంతా ఉన్నదే. మా కూతురు రెండడుగులు వెనక్కి వేస్తుంది, చేతిలో పని ఆపకుండానే. తాను వేస్తున్నట్టు దానికి కూడా తెలియదు. నేను దాన్ని ఏనాడూ కొట్టలేదు. ఈ మాట ఎక్కువ చేసింది కాదు, మా ఇంటామె సాక్షి. కొట్టలేదు గానీ, బడికి పోనని మారాం చేస్తే, బావి గట్టెక్కితే, పిలిస్తే పలక్కపోతే, దాని ముందు మూరెడు దూరంలో ఒక రాయి పడేది. గొర్రెల్ని పెంచినట్టే బిడ్డను పెంచాను. కొట్టకుండా పెంచానని ఊరంతా చెప్పుకున్నాను.

వంగడం గురించి ఇంకోటి. మా నాయన ఎనభై దాటి, కర్ర పట్టుకుని నడిచే రోజుల్లో, ఒకసారి అరుగు మీది నుంచి వక్కాకు సంచి జారి పడితే తీసుకుందామని వంగాడు. నేను ఎదురుగా ఉన్నాను. మీసాలున్న మనిషిని, బిడ్డ తండ్రిని. ఎగిరి రోలు మీదుగా వెనక్కి పడ్డాను. ఆయన సంచి తీసుకుని నన్ను చూశాడు.

"ఏందిరా, తోడేలొచ్చిందా?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగు రోజులు నడుము పట్టేసింది.

రాయి ప్రాక్టీసు మొదలుపెట్టాను. మొదటి వారం మంద దగ్గరే చేశాను. గొర్రె మళ్ళింది, వంగాను, తీశాను, లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. చేత్తో పాము పట్టుకున్నట్టుంది. ఎనిమిదికి వచ్చేసరికి మంద పక్కాయన ఉలవచేన్లో ఉంది. ఆయన గట్టు మీద నిలబడి అరిచాడు.

"ఏమప్పా, గొర్రెలు నా చేన్లో మేస్తాంటే ఆడ నిలబడి జపం చేస్తాండావా?"

"డాక్టరమ్మ చెప్పింది ప్పా."

"నా చేను మేపమని చెప్పిందా?"

నిజమే, ఆమె గొర్రెల్ని అడిగి చెప్పిన మందు కాదు. తర్వాత నుంచి ఇంటి ముందర చేశాను. మూడు నెలలకు పదివరకు వచ్చాను. ఇప్పుడు నూరు కూడా లెక్కపెట్టగలను. పది. కొన్ని రోజులు ఏడు.

మా కూతురు అంతా చూస్తూనే ఉంది. ఒకరోజు అంది. "నాయినా, వంగేముందు చెప్పి వంగు."

అది బాగా పనిచేసింది. "వంగుతాండా ప్పో, చెప్పు తీసుకునేకి" అని దండోరా వేసి వంగడం మొదలుపెట్టాను. ఊళ్ళో నవ్వారు, నవ్వనీ. పాపకు ఇది ఆటయింది. ఆ ఎండాకాలం తర్వాత ఆ పిల్ల కూడా నేను వంగితే పోయి అవ్వ కొంగు వెనక దూరేది. అది చూసిన రోజు నేను ఎన్ని అన్నం ముద్దలు తిన్నానో మా ఇంటామెను అడగండి. ఇప్పుడు తానే "తాతా, వంగు!" అని అరుస్తుంది. వంగుతాను. మొదట్లో అవ్వ వెనక నుంచి తొంగిచూసేది. తర్వాత అవ్వ పక్కన నిలబడింది. పోయిన వారం నా చెప్పు తానే తెచ్చిచ్చింది, వంగే పని లేకుండా.

అయినా అవ్వ ఉన్నప్పుడే, అవ్వ కళ్ళ ముందే. మా ఇంటామె కూలికి పోయిన రోజు పిల్ల మళ్ళీ టేబులు కిందికే. రెండు షరతుల్లో ఒకటే అయింది మరి.

ఇదిగో, రెండోది. ఇంతకుముందు రాసింది కొట్టేయకుండా, దాని కిందనే రాస్తున్నాను.

ఆ రోజు మళ్ళింది గొర్రె కాదు. పాప. ఒక గొర్రెపిల్ల వెంట పడి నవ్వుకుంటూ పరుగెత్తింది. ప్యానెళ్ళ వరస చివర ట్రాన్స్‌ఫార్మరు కంచె ఉంది. దాని మీద పుర్రె బొమ్మ, లోపల గుయ్యిమని మోత. నేను అరిచాను. గాలి ఎదురుగా ఉంది, వినబడలేదు. నా కాళ్ళకు ఆ దూరం లేదు. వంగాను, తీశాను, విసిరాను. అది గొర్రె కాదని నాకు తెలిసేసరికి చేతిలో రాయి లేదు.

రాయి పాపకు మూరెడు ముందు పడి, ఎగిరి ప్యానెలుకు తగిలింది. పాప బెదిరి కింద పడింది, మోచెయ్యి గీరుకుంది. పోయి ఎత్తుకున్నాను. ఏడుస్తోంది. నాకు తెలిసిందొకటే విద్య.

"కోతి పాపా, కోతి ఇసిరింది" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఒగటి గాదు, రెండు కోతులు." ఎక్కిళ్ళు.

"మూడు పాపా. మూడోదానికి మీసాలు ఉండాయి."

పాప ఏడుపు ఆపి, నా మొహంలోకి చూసి నవ్వింది.

ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వు. దాన్ని భుజాన వేసుకుని ఇంటిదాకా నడిచాను. డాక్టరమ్మకు ఈ సంగతి రెండోసారి పోయినప్పుడు చెప్పాను. కూతురికి చెప్పడానికి నాకు ఇన్ని కాగితాలు పట్టాయి.

నిన్న ఆదివారం. అల్లుడు పాపను భుజాన ఎక్కించుకుని అంగడికి పోయాడు. మా కూతురు, మా ఇంటామె పక్కవాళ్ళ విత్తనానికి శెనక్కాయలు వలుస్తూ కూర్చున్నారు. కూతురు చదివింది కన్నడం బడి, తెలుగు అక్షరాలు రావు. నాకు వచ్చినవి ఆంధ్రా దిక్కు మడకశిర సంతలో గోడల మీద అంటించిన కాగితాలు చూసి నేర్చినవి. అందుకని నేనే చదివి వినిపించాను, మొదటి నుంచి. బీడీ దగ్గర మా ఇంటామె "అబద్ధం" అంది. కొంగ దగ్గర "అదీ అబద్ధమే" అంది. తోడేలు దగ్గర ఏమీ అనలేదు. బిడ్డను గొర్రె మాదిరి పెంచానన్న చోట కూతురు చెయ్యి ఒక కాయ మీద ఆగింది, మళ్ళీ వలిచింది. చివరిదాకా చదివాను. కోతులు, మీసాలు, భుజాన వేసుకుని నడవడం, అన్నీ. కాగితాలు మడిచి పక్కన పెట్టాను.

"ఇంగ దాచిందేమీ లేదు మ్మే" అన్నాను. "కోతుల్లేకుండా చెప్పినా."

కూతురు చాటలో పొట్టు చెరిగి పక్కన పెట్టింది.

"పాప కింద పడల్యేదు నాయినా," అంది. "నిలబడే ఉండాది. నీ రాయి మూరెడు ముందర గూడా పడల్యేదు. పాప మోచేతికి తగిలినాంకనే ప్యానెలుకు తగిలింది. ఆ పొద్దు కట్టు కట్టేటప్పుడే నాకు చెప్పింది, 'తాత రాయి' అని. అట్ల రాసుకోని రా, మళ్ళా చదువు."